తుమ్మ బీళ్లకు ఏ పరికరము?

బీళ్లను మరల సాగులోనికి దెచ్చుటకై సంఘధనముతో ట్రాక్టరునకు ఏ పరికరము కొనవలెనని సభ్యులు తర్కించుచున్నారు. ముందు బ్లేడు కొందమనువారే అధికము. మేము సమ్మతింపజాలము.

మన బీళ్ల నాక్రమించినది సర్కారు తుమ్మ. 1877లో ఈ దేశమునకు వచ్చిన యీ చెట్టు నరికినకొలది మోటినుండి గుబురుగా చిగుర్చును. మల్చరుతో పైభాగమును నుగ్గుచేసిన పొలము కంటికి శుభ్రముగా దోచును గాని, నేలలోని మొదలు సజీవముగానే యుండును. దానిని అడుగు లోతునుండి పెకలింపవలెను. లావుపాటి మోళ్లు మన ట్రాక్టర్లకు లొంగవు. వానికి ప్రొక్లెయినును గంటల యద్దెకు పిలుచుటే మేలు. మోళ్లు బొగ్గుబట్టీలకు అమ్ముడుపోవును గనుక అద్దెలో కొంత తిరిగివచ్చును.

ఇక మిగులునవి కంప, వేళ్లు. బ్లేడు వానితోబాటు పైమట్టినిగూడ గట్టునకు నెట్టును. ఏండ్ల తరబడి ఆకు రాలి బలిసిన మన్ను అదియే గదా! నడుమ సందులుగల ఇనుప పండ్ల దంతె కంపను లాగి మట్టిని క్రిందికి విడుచును. నేల ఆరిన పిమ్మట లాగినచో వేళ్లకు మన్నంటదు. చిన్న వేళ్లకు రైతుల కల్టివేటర్లే చాలును. వేళ్లు ఏరకమునుపే రోటవేటరును దింపినవారికి కత్తులు విరుగుట తప్పదు.

చదునునకు బ్లేడు వలయునందురు. నిజమే, ఆ పని ఏడాదికి ఎన్నిదినములు? మొదట దంతెనే కొనవలెనని మా యభిప్రాయము. విరిగిన పన్ను ఒక్కదానినే మార్చవచ్చునా, మన ట్రాక్టరు హైడ్రాలిక్కు దాని నెత్తగలదా యని పొలములో పరీక్షించిన పిదపనే బయానా ఇయ్యవలెను.