కొత్త సరుకుల చదువులో మనమెక్కడ?

ఎండాకాలం వచ్చిందంటే మన సంఘాల ఆఫీసులకు ఎంబీఏ విద్యార్థులు వస్తారు. చేతిలో కాలేజీ ఉత్తరం, ప్రశ్నల పత్రం. ఇరవై మంది ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టండి మేడమ్, రెండు గంటలు చాలు అంటారు. ఒక్కోసారి మార్కెట్ పరిశోధన కంపెనీల వాళ్లే నేరుగా వస్తారు. మనం కూర్చోబెడతాం. పని మానుకుని వచ్చిన వాళ్లకు టీ, బిస్కెట్లు, వెళ్లేటప్పుడు ఒక స్టీలు గిన్నె. మనకు ఆఫీసు అద్దెకు పనికొచ్చే కాస్త విరాళం. ఇందులో తప్పేముందని అడిగే కార్యకర్తలు మనలో చాలామందే ఉన్నారు. జవాబు చెప్పాలంటే, ఆ పిల్లలు ఏం చదువుకుని మన దగ్గరకు వస్తున్నారో ముందు చూడాలి.

మార్కెటింగ్ డిగ్రీలో కొత్త ఉత్పత్తుల అభివృద్ధి అనే పాఠం ఉంటుంది, కొన్నిచోట్ల అది విడిగా ఒక పేపరు. పాఠం వరస దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఆలోచనలు పోగెయ్యడం, వడపోయడం, మిగిలినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసి వాడేవాళ్లకు చూపించి అడగడం, అమ్మే వ్యూహం, లాభనష్టాల లెక్క, సరుకు తయారీ, ఒకటి రెండు ఊళ్లలో అమ్మి చూడడం, ఆ తర్వాత దేశం మీదకు వదలడం. రాబర్ట్ కూపర్ అనే కెనడా ఆచార్యుడు 1980లలో ఈ దశల మధ్య గేట్లు పెట్టాడు. ఒక్కో గేటు దగ్గర కంపెనీ పెద్దలు కూర్చుని ముందుకు పోవాలా, ఆపాలా అని తేలుస్తారు. భద్రత గురించి, చట్టం గురించి కూడా అక్కడ అడుగుతారు, కాదనను. కానీ ఆ గేటు దగ్గర సరుకు వాడబోయే మనిషి ఉండదు. ఆమె మాట పట్టికలో ఒక శాతంగా మారి అక్కడికి చేరుతుంది.

అసలు పేచీ మొదటి మెట్టు దగ్గరే ఉంది. అవసరం వేరు, కోరిక వేరు, డిమాండు వేరు అని ఫిలిప్ కోట్లర్ పాఠ్యపుస్తకం నేర్పుతుంది. డిమాండు అంటే కొనే శక్తి ఉన్న కోరిక. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇది. ఈ ఒక్క నిర్వచనంతో ఎంతమంది ఆడవాళ్లు లెక్కలోంచి జారిపోతారో ఆ రెండు మార్కుల జవాబులో ఎవరూ రాయరు. బట్టల సబ్బు గురించి జరిగిన ఒక చర్చలో నేను కూర్చున్నాను. మూడు వాసనల్లో ఏది బాగుందని అడిగారు. రెండు రోజులకోసారి వచ్చే నల్లా గురించి, నీళ్లు మోసి మోసి పోయిన నడుము గురించి ఆడవాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. చర్చ నడిపే అమ్మాయి మర్యాదగానే వాళ్లను మళ్లీ వాసనల దగ్గరకు తీసుకొచ్చింది. ఆమెను తప్పుపట్టను. ఆమె ప్రశ్నపత్రంలో నీళ్లకు గడి లేదు. మార్కెట్ పరిశోధన అంటే ఆడవాళ్ల మాట వినడమే కదా అనేవాళ్లు ఆ గడుల సంగతి కూడా చెప్పాలి.

అవసరాన్ని పట్టుకోవడమే కాదు, పుట్టించడం కూడా ఈ చదువులో భాగమే. హిందుస్తాన్ లీవర్ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. చామనఛాయ పిల్లకు పెళ్లి కాదన్న భయం ఆ కంపెనీ కనిపెట్టింది కాదు, మన ఇళ్లలో ఉన్నదే. ఆ భయాన్ని ట్యూబులో పెట్టి మనకే అమ్మింది. ఐద్వా పోరాడాక 2003లో కొన్ని ప్రకటనలు ఆగాయి. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ఈ మధ్యలో, 2004లో, మేనేజ్‌మెంట్ గురువు సి.కె. ప్రహ్లాద్ తన సహరచయితతో కలిసి, పేద స్త్రీ ఈ క్రీమును చిన్న ప్యాకెట్లో కొనుక్కోగలగడం సాధికారత అని వాదించారు. అదే మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అనీల్ కర్నానీ 2007లో దీన్ని గట్టిగా ఖండించారు. క్లాసులో రెండూ పక్కపక్కన పెట్టి చదివిస్తే ఎంత బాగుండును! సాధికారత అనే మాట కోసం మనం ఎన్ని మీటింగులు పెట్టుకున్నాం, అది చివరికి క్రీము ప్యాకెట్ మీదకు ఎక్కింది.

ఇక ట్రయల్ అనే మాట చూడండి. మార్కెటింగులో ట్రయల్ అంటే మొదటిసారి కొనడం. మళ్లీ కొంటే గెలుపు. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ రిలై అనే టాంపాన్‌ను, అంటే నెలసరి రోజుల్లో లోపల పెట్టుకునేదాన్ని, 1970ల మధ్యలో రోచెస్టర్ లాంటి ఊళ్లలో అమ్మి చూసింది. ఆ తర్వాత దేశమంతా అమ్మింది. 1980లో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బుతో దానికి సంబంధం ఉందని బయటపడ్డాక, సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. ఆ జబ్బు అరుదైనది. ఎంతమంది కొన్నారు, ఎంతమంది మళ్లీ కొన్నారు అని లెక్కపెట్టే పరీక్షకు అది చిక్కదు. దేశంలోని ఆడవాళ్ల శరీరాల మీదే తేలాల్సి వచ్చింది.

వైద్యంలో ట్రయల్‌కు వేరే అర్థం, వేరే నియమాలు ఉన్నాయి. మన దగ్గర ఆ నియమాలకు పట్టిన గతి మనకు తెలుసు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు, అది ప్రయోగమని అక్కడి ఆడవాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి చెప్పాక చాలామంది వెనక్కి తగ్గారు. 1986లో సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేశారు. వాళ్లలో చాలామంది ఆదివాసీ పిల్లలు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ పథకాన్ని ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నా ప్రశ్న సంతకం గురించి. వార్డెన్ సంతకానికీ, ఆడవాళ్లను ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టే మన సంఘం లీడరు మాటకూ తేడా ఎంత?

ఈ పోలిక కొందరికి కటువుగా అనిపించవచ్చు. సబ్బు వాసన చూస్తే ఎవరూ చావరు, నిజమే. అయినా ఆ కంపెనీలు మన దగ్గరకే ఎందుకొస్తున్నాయి? ఊళ్లో ఆడవాళ్లు మనల్ని నమ్ముతారు కాబట్టి. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మన రాష్ట్రంలో పొదుపు సంఘాలు ఎలా విస్తరించాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. హిందుస్తాన్ లీవర్ తన శక్తి పథకాన్ని 2000-2001లో నల్గొండ పల్లెల్లో, ఆ పొదుపు సంఘాల ఆడవాళ్లతోనే మొదలుపెట్టింది. ఇంటింటికీ తిరిగి సబ్బులు, షాంపూలు అమ్మే శక్తి అమ్మలు మేనేజ్‌మెంట్ క్లాసుల్లో పాఠమయ్యారు. వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఆ దారి వేసింది ఎవరు? ఎన్నేళ్ల కూలి లేని పనితో వేశారు? ఆ ఖర్చు ఏ కంపెనీ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

తలుపులు మూసుకుందామని నేననను. వచ్చే విద్యార్థుల్లో మన ఆడపిల్లలే ఎక్కువ, ఆ చదువు వాళ్లకు బతుకుదెరువు. ఐతే ఇకమీద సంఘంలోకి వచ్చే ప్రశ్నపత్రాన్ని ముందు రోజే సంఘం సభ్యులకు చదివి వినిపించాలి. ఏ కంపెనీ కోసం, ఏ సరుకు కోసం అన్నది చెప్పకపోతే కూర్చోబెట్టకూడదు. రెండు గంటలకు గిన్నె కాదు, కూలి కట్టించాలి. మన విరాళం ఎంతో కూడా ఆ ఆడవాళ్ల ముందే చెప్పాలి. ఇది మనలో కొందరికి నచ్చదని తెలుసు. ప్రశ్నపత్రం చివర ఖాళీ పేజీ ఉండాలి, ఆడవాళ్లు లేవనెత్తిన మాటలు అందులో వాళ్ల మాటల్లోనే రాయాలి. రిపోర్టు ప్రతి ఒకటి తెలుగులో సంఘానికి రావాలి. ఒంటికి రాసేది, మింగేది, లోపల పెట్టుకునేది ఏదైనా సరే, నైతిక కమిటీ అనుమతి పత్రం చూడకుండా ఒక్క శాంపిల్ కూడా పంచనివ్వకూడదు.

విశ్వవిద్యాలయాలను అడగాల్సింది వేరే ఉంది. పటాన్‌చెరు, ఖమ్మం, రిలై ఈ పేపరులో పాఠాలు కావాలి, ఎక్కడో చివర్లో వ్యాపార నీతి అనే అధ్యాయంలో కాదు, టెస్ట్ మార్కెటింగ్ చెప్పే చోటే. పాఠ్యప్రణాళికా సంఘాల్లో పరిశ్రమ ప్రతినిధులకు కుర్చీలు వేస్తున్నారు. మహిళా సంఘాలకు కూడా ఒక కుర్చీ వెయ్యమని ఒక్కో విశ్వవిద్యాలయానికీ ఒక్కో జిల్లా సంఘం రాయవచ్చు. ఎండాకాలం పిల్లలు రాకముందే ఆ ఉత్తరాలు వెళ్లాలి.