ఆడించేవాడి లాభమే అసలు నేరం

ఆన్‌లైన్ రమ్మీపై నిషేధం తప్పనేవాళ్లు మొదట చూపించేది 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పునే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని కోర్టు చెప్పిన మాట నిజమే. కానీ అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: పందెం ఆటమీద నిర్వాహకుడు లాభం తీసుకుంటే అది నేరం కావచ్చని. యాప్ బతికేదే ఆ లాభం మీద. ప్రతి పందెంలోనూ కొంత కోసుకునే కంపెనీకి ఎవరు ఓడినా ఒకటే. పైగా క్లబ్బులో జేబు ఖాళీ అయితే లేచి రాక తప్పదు. ఫోన్‌లో అలా కాదు. రాత్రి రెండింటికి, పక్కన పిల్లలు నిద్రపోతుండగా, యూపీఐ పిన్ కొడితే జీతం డబ్బంతా ఆటలోకి పోతుంది. అదీ అయిపోతే లోన్ యాప్ అదే ఫోన్‌లో ఉంటుంది.

నిషేధిస్తే జనం దొంగ సైట్లకు పోతారన్నది బలమైన అభ్యంతరమే. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాక కూడా లొకేషన్ మార్చి ఆడినవాళ్లున్నారు. అందుకే 2025లో పార్లమెంటు చేసిన చట్టం సరైన దారి పట్టింది: ఆడేవాణ్ణి వదిలి, ఆడించేవాణ్ణి, ప్రకటనలిచ్చేవాణ్ణి, డబ్బు చేరవేసేవాణ్ణి పట్టుకుంటోంది. దొంగచాటుగా ఆడే కొందరు మిగలొచ్చు; అభిమాన క్రికెటర్ ప్రకటన చూసి మొదలుపెట్టేవాళ్లు మాత్రం తగ్గుతారు. ఇక పన్ను ఆదాయమంటారా, 2023 అక్టోబరు నుంచి పందెం సొమ్ముపై వేసిన 28 శాతం జీఎస్టీ ఓడినవాళ్ల ఇళ్లలోంచి వచ్చిందే. అందులో కొంతైనా జిల్లా ఆసుపత్రుల్లో ఈ వ్యసనానికి చికిత్స చేసే విభాగాలకు ఇప్పుడే కేటాయించాలి.