పైరు బలాన్ని పైరుకే ఉంచుదాం
కాలువ శివారు చేలకు వంతు నీరు ఆలస్యమైతే వరి ముందు ఆకు చుట్టుకుంటుంది. మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. ఎదుగుదల మందగించినా లోపలి తడి నిలుస్తుంది. సుడిదోమ రసం పీల్చినప్పుడు మొక్క తీరే వేరు. జాస్మోనిక్ ఆమ్లం పెరిగి ఆకుల నుంచి కొన్ని వాసనలు వెలువడతాయి. వాటిని పసిగట్టి వచ్చే అతి చిన్న కందిరీగలు దోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టి దోమ గుడ్లను నాశనం చేస్తాయి. నేల నుంచి తీసుకున్న సిలికా ఆకునూ కాండాన్నీ గట్టిపరుస్తుంది. ఇంత సత్తువ ఉన్న పైరును మనమే చేతులారా నీరసపరుస్తున్నాం. మోతాదు మించిన యూరియాతో మొక్క మెత్తబడి దోమకు విందవుతుంది. అదను తప్పిన మందు సాలీళ్లనూ, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులనూ ముందు చంపుతుంది. రకం ఎంపికా ముఖ్యమే. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం దిగుబడిలో దేశమంతా పేరు తెచ్చుకుంది కానీ దోమకు లొంగేది. తర్వాత అక్కడి నుంచే దోమను తట్టుకునే విజేత, కాటన్ దొర సన్నాలు వచ్చాయి. అయితే ఏ రకం తట్టుకునే గుణమూ శాశ్వతం కాదు: 1973లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్ 26 నిరోధాన్ని దోమ కొద్ది ఏళ్లకే దాటేసింది. అందుకే రైతు సోదరులారా, ఈ సార్వాకు తట్టుకునే రకం వేసినా సరే, 2 మీటర్లకో కాలిబాట వదలండి, యూరియాను దఫాలుగా వేయండి, దుబ్బు మొదట్లో దోమను చూశాకే మందు డబ్బా పట్టండి.