బ్రేకు తెలిసినవాడే రేసుగుర్రం!

సెలవు రోజు మధ్యాహ్నం. హాల్లో టీవీ ముందు అన్నాచెల్లెళ్ల కారు రేసు. పచ్చలైటు వెలగడమే ఆలస్యం.. అన్నయ్యగారు యాక్సిలరేటర్‌ బటన్‌ మీద వేసిన వేలు మళ్లీ తీయరు. మొదటి మలుపులో గోడకి ముద్దు, రెండో మలుపులో గడ్డిలోకి షికారు, మూడోదానికి కారు గిర్రున తిరిగి వెనక్కి చూస్తూ నిలబడుతుంది. చెల్లెలు మాత్రం ప్రతి మలుపు ముందూ కాస్త తగ్గి, నింపాదిగా తిప్పుకుని వెళ్లిపోతుంది. చివరికి ఆమే ముందు. 'దాని కారు మంచిది కాబట్టి గెలిచింది' అని వంటింట్లో అమ్మకి ఫిర్యాదు!

కార్లు మార్చుకుని ఆడినా ఫలితం మారదు. తేడా కారులో లేదు.. ఎడమ చూపుడువేలిలో ఉంది. ఇప్పటి గేమ్‌ కంట్రోలర్లలో చాలావరకూ బ్రేకు ఉండేది ఆ వేలి కిందే.

వేగంగా వెళ్లడానికి బ్రేకు ఎందుకు? టైర్లను అడగాలి. టైరుకి నేల మీదుండే పట్టు నెల జీతం లాంటిది. ఇంత అని లెక్క. బ్రేకుకీ అందులోంచే ఇవ్వాలి, మలుపు తిరగడానికీ అందులోంచే, వేగం పెంచడానికీ అందులోంచే. మొత్తం బ్రేకుకే పోస్తే తిరగడానికి పైసా మిగలదు. అప్పుడు స్టీరింగ్‌ ఎంత తిప్పినా కారు తిన్నగా వెళ్లి గోడను వెతుక్కుంటుంది. వాస్తవానికి దగ్గరగా ఉండే రేసింగ్‌ గేములన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. కొండలూ మేడలూ ఎగిరి దూకే సరదా గేముల సంగతి వేరనుకోండి.

కాబట్టి బ్రేకు పని చాలావరకు దారి తిన్నగా ఉన్నప్పుడే అయిపోవాలి. తిప్పడం మొదలెట్టాక దాన్ని మెల్లగా వదలాలి. స్టీరింగ్‌ తిరిగి నిటారుగా వస్తున్నకొద్దీ యాక్సిలరేటర్‌ నొక్కుతూ పోవాలి. నొక్కడమంటే కాలింగ్‌బెల్‌ నొక్కినట్టు కాదు, నిమ్మకాయ పిండినట్టు. కారు రోడ్డు బయటి అంచు నుంచి మొదలై, మలుపు మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకి రావాలి. అలా వెళ్తే మలుపు వంపు తగ్గుతుంది, వేగం మిగులుతుంది. మలుపులోకి దూకుడుగా దూరినవాడు అక్కడ రెండు గజాలు ముందుంటాడు. నెమ్మదిగా దిగి గట్టిగా బయటపడినవాడు ఆ తర్వాత వచ్చే తిన్నటి దారి పొడవునా లాభపడతాడు. మలుపు తర్వాత పొడవాటి దారి ఉందా, వెంటనే ఇంకో మలుపుందా అని చూసుకోవడం అందుకే.

ఇంతకీ బ్రేకు ఎక్కడ వేయాలి? మలుపు కనిపించాక అనుకుంటే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో లగునా సెకా అనే ట్రాక్‌ ఉంది. ఎన్నో గేముల్లో కనిపిస్తుంది. అక్కడ 'కార్క్‌స్క్రూ' అనే జంట మలుపు కొండమీంచి ఒక్కసారిగా కిందికి జారుతుంది. పైఅంచు దాటేదాకా కిందున్న దారి కనపడదు. దాన్ని చూసి బ్రేకు వేద్దామనుకున్నవాళ్ల కార్లు మట్టిలోకే. అనుభవం ఉన్నవాళ్లు అంచుకు ముందే ఓ బోర్డునో, గీతనో గుర్తు పెట్టుకుంటారు. బస్సులో కునికిపాట్లు పడుతూ కూడా చింతచెట్టు రాగానే 'మన ఊరొచ్చింది' అని లేచే పెద్దాయన లెక్కే!

ఈ చదువుని గేములో పరీక్షగా పెట్టింది 'గ్రాన్‌ టురిస్మో'. 1997లో జపాన్‌లో విడుదలైన ఈ గేముకి సూత్రధారి కజునోరి యమౌచి. రేసులాడాలంటే ముందు లైసెన్సు పరీక్షలు పాసవ్వాలి అన్నాడాయన. గేములో కూడా ఆర్టీవో ఆఫీసా అని విసుక్కున్నవాళ్లు తక్కువేం కాదు. మొట్టమొదటి పరీక్ష ఏమిటంటే.. బయల్దేరి, తిన్నగా వెళ్లి, చెప్పినచోట ఆగడం! తర్వాతివి ఒక్కో మలుపు. మలుపుకింత సమయమని బంగారు, వెండి, కంచు పతకాలు.

ఆ విసుగు ఎంతదూరం తీసుకెళ్లిందో చూడండి. 2008లో నిస్సాన్‌, సోనీ కలిసి జీటీ అకాడమీ అని పోటీ పెట్టాయి. గేములో గెలిచినవారికి అసలు రేసుకారు ఎక్కే అవకాశం. మొదటి విజేత స్పెయిన్‌ కుర్రాడు లూకాస్‌ ఒర్దోనియెజ్‌. 2011లో లెమాన్స్‌ 24 గంటల రేసులో అతని జట్టు తమ విభాగంలో రెండోస్థానంలో నిలిచింది. అదే ఏడాది అకాడమీ గెలిచిన బ్రిటన్‌ కుర్రాడు జాన్‌ మార్డెన్‌బరో 2013లో అక్కడే తన విభాగంలో మూడోస్థానం అందుకున్నాడు. అతని కథే 2023లో సినిమాగా వచ్చింది.

అయితే 2015లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో మార్డెన్‌బరో కారు గాల్లోకి లేచి కంచె దాటి పడింది. ఓ ప్రేక్షకుడు ప్రాణాలు కోల్పోయారు. సినిమాలో దీన్ని లెమాన్స్‌కి ముందే జరిగినట్టు చూపించారు గానీ, నిజానికది రెండేళ్ల తర్వాతి మాట. ఆ ట్రాక్‌ గేములోనూ ఉంటుంది. అక్కడ కారు ఎగిరిపడితే ఓ బటన్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు. గేము కంటికీ వేలికీ నేర్పుతుంది. బ్రేకు వేసినప్పుడు ఒంటిని ముందుకు తోసే బరువూ, గుండెల్లో గుబులూ సోఫాలో దొరకవు. అబ్బాయి టీవీలో బంగారు పతకం కొట్టాడని బండి తాళాలు చేతికివ్వాల్సిన పనిలేదన్నమాట.

ఇక హాల్లో ఓడిన అన్నయ్య సంగతి. అతనికి ముందు కావాల్సింది నెమ్మదైన చిన్న కారు. స్పోర్ట్స్‌ కారులో ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసేలోపే గోడ వచ్చేస్తుంది. చిన్నకారైతే తప్పు కంటికి కనపడుతుంది. రోజుకో ట్రాక్‌ మార్చకుండా ఒకే ట్రాక్‌ మీద వారంపాటు తిరగాలి. బ్రేకు ఎక్కడ వేయాలో ఎర్రరంగులో చూపించే గీత చాలా గేముల్లో ఉంటుంది. మొదట్లో అది ఉండాల్సిందే. కొన్నాళ్లకి ఆపేయాలి, లేకపోతే కళ్లు దారిని వదిలేసి గీతనే చూస్తాయి.

ఇంకో మంచి గురువు 'గోస్ట్‌' కారు. తన అత్యుత్తమ ల్యాప్‌ నీడలా పక్కనే పరుగెడుతుంది. గుద్దుకోదు, వెక్కిరించదు. ఏ మలుపులో అది ముందుకెళ్లిపోయిందో ఆ మలుపులోనే తప్పు. అన్నయ్య తన నీడతో నాలుగు రోజులు పోటీపడ్డాక చెల్లెల్ని మళ్లీ పిలవొచ్చు. ఈసారి ఆమె చేతికి పెద్దకారు ఇచ్చి.