ప్రణాళిక లేని కథ ఎవరి పక్షం?

వస్తువు మనదైతే చాలు, శిల్పం సంగతి తీరికున్నవాళ్ళు చూసుకుంటారన్న మాట అభ్యుదయ రచయితల్లోనే బాగా వ్యాపించింది. కథకు ముందుగా ప్రణాళిక వేసుకోవటం బూర్జువా విలాసమని కొందరు, కళను యంత్రం చెయ్యటమని మరికొందరు అంటున్నారు. ఈ రెండు వాదాలకూ మూలం ఒకటే: కథ దానంతట అదే పుడుతుందన్న భావవాదం.

మరోపక్క మూసల వ్యాపారం సాగుతోంది. 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ నాటకాల్ని పరిశీలించి అయిదు అంచెల నిర్మాణం చూపించాడు. అలాంటి సూత్రాల్ని పలచబరిచి, ఫలానా పేజీలో మలుపు, ఫలానా చోట కొసమెరుపు అంటూ ఇవాళ కథకులకు అమ్ముతున్నారు. మూసను తిరస్కరించవలసిందే. కాని మూస వేరు, ప్రణాళిక వేరు. మూస జీవితాన్ని తనలోకి కుక్కుకుంటుంది. ప్రణాళిక జీవితంలోని కార్యకారణాల్ని వెతికి వరసలో పెడుతుంది.

గురజాడ 1910లో "దిద్దుబాటు"ను సానిమేళాల మీద ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. రాత్రివేళ ఇల్లు చేరిన భర్తకు భార్య కనిపించని క్షణంతో మొదలుపెట్టాడు. అంతకాలం ఆమె అనుభవించిన ఒంటరితనం ఇప్పుడు అతని వంతు. సంస్కరణ అంతా ఆ ఎత్తుగడలోనే వుంది. 1952లో ప్రపంచ కథల పోటీలో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు "గాలివాన" చూడండి. నియమాల మనిషి రావుగారిని ముందు నిలబెట్టి, తర్వాత తుఫాను తెచ్చాడు. ఆ వరస తిరగేస్తే కథే లేదు.

ఇక మా ఇందుకూరుపేట వైపు వద్దాం. నా విద్యార్థులు రొయ్యల గుంటల మీద కథలు రాసి తెస్తారు. తాతలనాటి వరిచేనుతో మొదలవుతాయి. జబ్బొచ్చి గుంట పోతుంది. చివర రైతు ఉరి పోసుకుంటాడు, లేకపోతే జెండా పట్టుకుంటాడు. నడుమ జరిగిందేమిటి? సీడూ మేతా అరువిచ్చినవాడెక్కడ? పట్టిన సరుకు గంటల్లో పాడవుతుంది కనక, పట్టుబడినాడు కౌంటు వంక పెట్టి ధర తెగ్గొట్టే కొనుగోలుదారెక్కడ? నేరమంతా జబ్బు మీదికి తోసి, వర్తకుణ్ణి కథలోంచి సురక్షితంగా దాటించేశాం! ఇదేనా ప్రజాసాహిత్యం?

అంతేకాదు. తీరంలోని రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న యిచ్చిన తీర్పులో పొలాలూ తాగునీళ్ళూ ఉప్పుబారటం ముఖ్యాంశం. అంటే వర్తకుడి ముందు చేతులు కట్టుకున్న ఆ రైతే, పక్కపాలెం కూలీ బావిని ఉప్పు చేసినవాడు కూడా కావచ్చు. ఈ వైరుధ్యం ఆవేశంలో దొరకదు; కూర్చుని లెక్క కడితేనే దొరుకుతుంది.

కనక కలం పట్టేముందు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. ఎవరికి ఏం కావాలి? అడ్డం ఎవరు, ఏ బలంతో? ఏ గడియ దాటితే వెనక్కి రాలేరు? ఆ గడియకు కాస్త ముందు కథ ఎత్తుకోండి. పైన చెప్పిన కథలో అది తాతల వరిచేను కాదు, లారీ గట్టు మీదికొచ్చిన వేళ. రాస్తుంటే పాత్ర ఎదురుతిరిగిందా, కాగితం చించి మరొకటి వెయ్యండి. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"ను గురజాడ 1909 నాటికి దాదాపు తిరగరాశాడు. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

దోపిడీకి పక్కా ప్రణాళిక వుంది. దాన్ని ఎదిరించే కథ మాత్రం గాలివాటుగా నడిస్తే లాభపడేదెవరు?