తెలిసినట్టుండే మాటలు

పాత కోర్టు భాష అర్థం కాదని అందరూ అంటారు. నిజానికి అర్థం కాని మాటతో పెద్ద ప్రమాదం లేదు, డిక్షనరీ తీస్తాం. అర్థమైపోయిందనిపించే మాటతోనే చిక్కంతా.

16, 17 శతాబ్దాల స్కాట్లండ్ కోర్టు రికార్డులు చూడండి. 'ప్యానెల్' అని ఉంటుంది. మనకి ప్యానెల్ అంటే టీవీలో కూర్చుని తీర్పులిచ్చే నలుగురు. అక్కడ మాత్రం నేరం మోపబడి కోర్టు ముందు నిలబడ్డ మనిషి. 'ఫైల్డ్' అని కనిపిస్తే కాగితాలు దాఖలు చేశారనుకుంటాం. కాదు, మైలపడ్డట్టు తేల్చారు, అంటే దోషి. బయటపడితే 'క్లెంజ్డ్'. కడిగేశారన్నమాట.

మనకీ ఇది కొత్తేం కాదు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి నిందితుడయ్యాడు. ఉర్దూ వచ్చు కదా అన్న ధీమాతో తెలుగు తీర్పు చదివితే, ఎవరు ఎవరి మీద కేసు పెట్టారో తలకిందులైపోతుంది.

"ఇవన్నీ ఈనాటి భాషలోకి మార్చేస్తే పోలా?" అంటారు కొందరు. నా గొడవ వాళ్ళతోనే.

మంత్రగత్తె అని ముద్ర పడ్డ మనిషికి వేసిన శిక్షలో 'వర్రీడ్ ఎట్ ఎ స్టేక్' అని రాసేవాళ్ళు. ఈనాటి వర్రీ ఆ మాటే. అప్పుడు దానర్థం గొంతు నులమడం. గుంజకి కట్టి, ప్రాణం పోయేదాకా గొంతు బిగించి, ఆ తర్వాత శవాన్ని కాల్చమని ఆదేశం. దీన్ని 'మరణశిక్ష అమలు చేశారు' అని మారిస్తే వాక్యం శుభ్రంగానే ఉంటుంది. గుంజా, తాడూ, బిగించిన చేతులూ మాయమైపోతాయి.

'హ్యాబిట్ అండ్ రెప్యూట్' ఇంకా ఘోరం. 'అలవాటు, పేరు' అనుకుని దాటేస్తాం. అసలు సంగతి, ఫలానా ఆవిడ మంత్రగత్తె అని ఊరంతా అనుకుంటోందని. అంటే పుకారే సాక్ష్యం. మన పేపర్లలో 'మంత్రాల నెపంతో హత్య' అని చదివి పేజీ తిప్పేస్తాం కదా, ఆ 'నెపం' వెనక ఉన్నదీ ఇదే ఊరి అనుమానం.

1563 నుంచి 1736 వరకు స్కాట్లండ్‌లో మంత్రవిద్య నేరం. ఆ కాలంలో నింద పడ్డవాళ్ళు 3,837 మంది అని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం సర్వే తేల్చింది. నూటికి సుమారు 84 మంది ఆడవాళ్ళు. వీళ్ళలో చాలామందికి వేరే చరిత్ర లేదు. పగవాళ్ళు చెప్పగా గుమస్తా రాసిన ఈ నాలుగు ముక్కలే మిగిలాయి. వాటినీ మన సౌకర్యం కోసం నున్నగా చెక్కేసే హక్కు ఎవరిచ్చారు?

పాత మాటని ఉన్నచోటే ఉంచండి. పక్కన అర్థం రాయండి, వివరంగా, ఎవరు ఎవరిని ఏం చేశారో తెలిసేలా. చదివేవాళ్ళు ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగితే నష్టమేం లేదు. ఆగాల్సిన చోటే అది.