ముంగిట మొదలుకాని బాట

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దు పొడిచిన కొంతసేపటికే కూర్చుండ చోటు దొరకుట కష్టము. అశోక్‌నగరు సందులలో పోటీపరీక్షలకై చదువు యువకులు వేలకొలది కలరు. కృష్ణానదికి ఉపనదులెవ్వి యని యడిగినచో వారు తడుముకొనక మూసీ పేరు చెప్పుదురు. కాని తమ గదికి కూతవేటు దూరమున, వంతెన క్రింద నల్లగా పారు నాలా హుస్సేనుసాగరము నుండి పొరలి ఆ మూసీలోనే కలియుచున్నదని ఎరిగినవారు కొలదిమంది. నదిని పటములో చూచినవారు పెక్కుమంది. దాని ఒడ్డు వెంట పోయినవారు అరుదు. ఇది విద్యార్థుల దోషము కాదు. వారిని వెంటబెట్టుకొని పోయి చూపు ఆచారము సన్నగిల్లుటయే దీనికి మూలము.

ఈ కొరత తీర్చుటకు గొప్ప వ్యయ మక్కరలేదు. ఒక సైకిలు, ఒక సెలవుదినము, ఒక సీసాడు నీరు చాలును. నారాయణగూడ నుండి తెల్లవారుజామున బయలుదేరినచో ఎండ ముదురకముందే గండిపేట చేరవచ్చును. దూరము సుమారు పాతిక కిలోమీటర్లు. ఆ మేరలో చరిత్రయు, భూగోళమును, ప్రకృతిశాస్త్రమును ఒకే బాటపై పరచుకొని యున్నవి.

మొదట ఎదురగునది హుస్సేనుసాగరము. 1562 ప్రాంతమున, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, మూసీకి చెందిన ఒక ఉపనదికి అడ్డముగా ఈ కట్ట వేసిరి. పడమటగా మెహదీపట్నము దాటి లంగరుహౌజు చేరినచో మూసీ, ఈసీ నదులు కలియు బాపూఘాటు వచ్చును. 1948లో గాంధీ మహాత్ముని చితాభస్మమును ఈ సంగమముననే కలిపిరి. కుడివైపున గోలకొండ కోటయు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న నల్లరాతి గుండ్లును కనబడును. ఆవల గండిపేట. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఆనకట్టల నిర్మాణము తలపెట్టిరి. 1920లో మూసీపై ఉస్మానుసాగరము, 1927లో ఈసీపై హిమాయతుసాగరము వెలసినవి. గండిపేటకు చేరువనే చిలుకూరున 3.6 చదరపు కిలోమీటర్ల మృగవని జాతీయోద్యానము కలదు. చుక్కలజింకలును, కణుజులును, నెమళ్ళును గల ఆ అడవి చిన్నదే. కాని నగరబాలునకు అడవి యన నేమో తెలియుటకు అది చాలును.

కళాశాల విద్యార్థులకు ఇంకను దీర్ఘమైన బాట యున్నది. చేవెళ్ళ మార్గమున ఇరుప్రక్కల సుమారు 900 మర్రిచెట్లు నీడ పట్టుచుండెడివి. రహదారి విస్తరణలో అవి కూలునన్న భయము కలిగినపుడు కొందరు పౌరులు జాతీయ హరిత న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ దారినే పోయి వికారాబాదు చేరినచో అనంతగిరి అడవియు, లోయలును, వానిలో మూసీ పుట్టుకయు కానవచ్చును. నగరము నుండి ఎనుబది కిలోమీటర్లకు అటునిటు. బలము గలవారికి ఒక దినపు యాత్ర. అలసినవారు తిరుగుప్రయాణమునకు వికారాబాదున రైలెక్కవచ్చును.

ఇంత మేలైన బాట యుండగా పిల్లలను ఏల పంపరు? తలిదండ్రుల భయమే దీనికి సమాధానము. అది నిరాధారము కాదు. బస్సులకును, కార్లకును, మోటారుసైకిళ్ళకును నడుమ సైకిలునకు జానెడు చోటు లేదు. ఒకనాడు గుమాస్తాకును, ఉపాధ్యాయునకును, విద్యార్థికిని తోడై నిలిచిన వాహనము నేడు నగరవీథిలో పరాయిదైనది.

2023 అక్టోబరులో నార్సింగి ప్రాంతమున, బహిర్వలయ రహదారి ప్రక్కన, సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాటను ప్రారంభించిరి. ఎండవానలకు వెరువక తొక్కుటకు వీలైన ఆ బాట మెచ్చదగినదే. అయినను చిక్కడపల్లి బాలుడు దానిని చేరుటకు దాదాపు ఇరువది కిలోమీటర్లు ప్రాణములు గుప్పిట పట్టుకొని పోవలెను. కారు వెనుక సైకిలు కట్టుకొని వచ్చువారికే అది సులభము. ఏటి ఆవల బడి కట్టి, వంతెన వేయుట మరచినట్లున్నది ఈ తీరు. సైకిలుబాట ఇంటి ముంగిట మొదలు కావలెను. లేనిచో అది వినోదస్థలమగును గాని మార్గము కాజాలదు.

ఇది అసాధ్యమా? 2021లో ట్యాంకుబండుపై ఆదివారము సాయంకాలములందు వాహనముల నాపి, ఆ కట్టను పాదచారులకు విడిచిరి. దానివలన నగరము స్తంభించిపోలేదు. అట్లే ఆదివారము ఉదయమున ఎనిమిది గంటల వరకు నారాయణగూడ నుండి లంగరుహౌజు వరకు దారిలో ఒక అంచును సైకిళ్ళకు ప్రత్యేకించుట ఏమంత దుష్కరము? అందుకు కావలసినది కొన్ని అడ్డుకంబములు, కొందరు రక్షకభటులు, దృఢమైన ఒక సంకల్పము.

ప్రభుత్వము చేయవలసినది అది. ఉపాధ్యాయులు చేయవలసినది వేరొకటి కలదు. పై తరగతుల విద్యార్థులను పదిమందిని, తలిదండ్రుల అనుమతితో, శిరస్త్రాణములతో, ముందొకరు వెనుకొకరు పెద్దలుగా నిలిచి, తొలుత హుస్సేనుసాగరము వరకే తీసికొని పోవచ్చును. అలవాటైన పిదప గండిపేట దూరము కాదు. మరునాడు తరగతిలో ఆ నీరెచ్చట నుండి వచ్చెనో, ఎచ్చటికి పోవునో వ్రాయింపవలెను.

ఈ పాఠము కేవలము విహారము కాదు. ఆ జంట జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర నిర్మాణములను కట్టడి చేయుచు 1996లో ఒక ఉత్తరువు వెలువడెను. ఆ కట్టడిని సడలించుచు 2022లో మరియొకటి వచ్చెను. వీనిలో ఏది మేలో రేపు తీర్పు చెప్పవలసినవారు నేటి విద్యార్థులే. వాననీరు ఏ వాలున దిగి చెరువు చేరునో కన్నులార చూడనివాడు ఆ తీర్పు ఎట్లు చెప్పగలడు? 2000 ఆగస్టులో కుంభవృష్టి కురిసి హుస్సేనుసాగరపు నాలా పొంగినపుడు అశోక్‌నగరు ఇండ్లలో నీరు నిండెను. నీటి దారిని మరచిన నగరమునకు నీరే వచ్చి దానిని గుర్తు చేయును. అంతకంటె ముందుగా పిల్లలను సైకిలుపై తీసికొనిపోయి చూపుట మేలు కాదా?